ఇరుగుపొరుగు రాష్ట్రములలో జీవన వ్యయము

సూళ్ళూరుపేటలో ప్రొద్దున బయలుదేరు లోకలు రైలు అక్కంపేట, తడ స్టేషనులు దాటిన పిమ్మట ఆంధ్రప్రదేశ్‌ను విడిచి, ఆరంబాక్కము వద్ద తమిళనాడులో ప్రవేశించి, గుమ్మిడిపూండి మీదుగా చెన్నై చేరును. ప్రయాణము సుమారు 80 కిలోమీటర్లు. సరిహద్దు ఎచట దాటినదో పెట్టెలో కూర్చున్నవారికి తెలియదు. ఇరువైపులను అవే వరిచేలు, అవే తాటిచెట్లు, జేబులో అదే రూపాయి. అయినను ఆ రైలులో తరచుగా వినవచ్చు సంభాషణ ఒకటి కలదు. "మద్రాసులో అద్దెలు కట్టి బతకలేమండీ" అని ఒకరందురు. "పెట్రోలు మాత్రం మనవైపే ప్రియం కదండీ" అని మరియొకరందురు. ఇరువురిలో ఎవరును అసత్యము చెప్పుట లేదు.

ఈ రెండు రాష్ట్రములలో దేనియందు జీవన వ్యయము హెచ్చు? ఈ ప్రశ్న వినుటకు సులభముగా ఉన్నది. కుటుంబముతో తరలిపోవలెనా వద్దా యని ఆలోచించు కార్మికునికి, బదిలీ ఉత్తరువు చేతబట్టుకొనిన ఉద్యోగికి, పింఛనుపై కాలము గడుపు వృద్ధునికి ఇది నిత్యావసరమైన ప్రశ్న. బీదలెవరో నిర్ణయించు ప్రభుత్వమునకును ఇది ముఖ్యమే. కాని దీనికి సమాధానము వెదకునపుడు మనము మూడు వేర్వేరు విషయములను ఒకదానితో ఒకటి కలిపివేయుచుందుము. అవి ధర, ఖర్చు, సూచీసంఖ్య.

ధర యనగా ఒక వస్తువునకు నేడు అంగడిలో చెల్లించు రొక్కము. ఖర్చు యనగా ఆ ధరకు మనము కొనిన పరిమాణమునుబట్టి తేలిన మొత్తము. సూచీసంఖ్య యనగా ఒకానొక సంవత్సరము మొదలు నేటివరకు ధరలు ఎంత మారినవో తెలుపు కొలత. ఈ మూడింటిలో పొరపాటునకు మిక్కిలి తావిచ్చునది సూచీసంఖ్యయే. కనుక దానినే మొదట పరిశీలింతము.

కేంద్ర ప్రభుత్వపు గణాంక శాఖ ప్రతి మాసమును వినియోగదారుల ధరల సూచీసంఖ్యలను రాష్ట్రములవారీగా ప్రకటించును. పత్రికలలో వాని పట్టిక కనబడగానే, ఏ రాష్ట్రపు సంఖ్య పెద్దదో ఆ రాష్ట్రమే ప్రియమైనదని మనము తలచుట సహజము. అది సరికాదు. ఒక ఊహాచిత్రమును తీసికొందము. రెండు గ్రామములు కలవు. మూలవత్సరమున మొదటి గ్రామములో కిలో బియ్యము 40 రూపాయలు, రెండవ గ్రామములో 30 రూపాయలు. కొన్ని సంవత్సరములు గడచిన పిమ్మట మొదటిచోట 60 రూపాయలు, రెండవచోట 54 రూపాయలు అయినవనుకొందము. మూలవత్సరమును 100 గా గొనినచో మొదటి గ్రామపు సూచీసంఖ్య 150, రెండవదానిది 180. సంఖ్య పెద్దదైన రెండవ గ్రామములోనే బియ్యము నేటికిని చౌక! సూచీసంఖ్య ఒక ఊరిని దాని గతముతో పోల్చును గాని పొరుగూరితో పోల్చదు. జ్వరము నిన్నటికంటె నేడు ఎంత పెరిగినదో తెలిసినంత మాత్రమున, ఇద్దరు రోగులలో ఎవరి జ్వరము హెచ్చో చెప్పజాలము గదా.

మరియొక చిక్కు కూడ కలదు. 2012 ను మూలవత్సరముగా గొనిన సూచీసంఖ్యల వరుసలో ఆహార పానీయములకు ఇచ్చిన ప్రాధాన్యము గ్రామములలో నూటికి 54 పాళ్ళు, పట్టణములలో 36 పాళ్ళు. ఇంటి అద్దెకు పట్టణములలో సుమారు 22 పాళ్ళు ఇచ్చి, గ్రామములలో దానిని లెక్కకే తీసికొనలేదు. కనుక పట్టణ ప్రజల సంఖ్య, గ్రామీణుల సంఖ్య ఒకే కుటుంబమునకు చెందిన చిత్రములు కావు. గ్రామము విడిచి పట్టణమునకు పోవువాడు మొదటి మాసముననే ఎదుర్కొనవలసిన అద్దెను గూర్చి ఆ గ్రామపు సంఖ్య ఏమియు చెప్పలేదు.

ఇక ఖర్చు మాట. 2022 ఆగస్టు మొదలు 2023 జూలై వరకు దేశమంతట జరిగిన గృహ వినియోగ విచారణనుబట్టి, తలకు నెలసరి ఖర్చు తమిళనాడు గ్రామములలో 5,310 రూపాయలు, పట్టణములలో 7,630 రూపాయలు. ఆంధ్రప్రదేశ్ గ్రామములలో అది 4,870 రూపాయలు, పట్టణములలో 6,782 రూపాయలు. ఈ అంకెలు చూచి తమిళనాడు ప్రియమైన రాష్ట్రమని నిర్ణయింపవచ్చునా? అట్లు నిర్ణయించుటకు వీలులేదు. హెచ్చు ఖర్చునకు హెచ్చు ధర ఒక కారణము కావచ్చును. హెచ్చుగా కొనుట మరియొక కారణము కావచ్చును. ఆదాయము పెరిగిన యింట పాలు, పండ్లు, చదువు, ప్రయాణములు పెరుగును. 1857 లోనే ఎంగెల్ అను జర్మను గణాంకవేత్త, ఆదాయము పెరిగినకొలది ఆహారముపై ఖర్చు మొత్తములో వంతుగా తగ్గుచుండునని గుర్తించెను. పైన చెప్పిన విచారణలో దేశమంతటికిని గ్రామములలో ఆహారము వంతు నూటికి 46, పట్టణములలో 39 గా తేలినది. కాబట్టి ఖర్చు పట్టిక ప్రజలు ఎట్లు జీవించుచున్నారో తెలుపును గాని, అట్లు జీవించుట ఏ చోట సులభమో తెలుపదు.

అయినచో సరియైన పోలిక ఎట్లు చేయవలెను? మార్గము చెప్పుటకు తేలికయే. ఒకే వెచ్చాల చీటి వ్రాసికొని, రెండు ఊళ్ళ అంగళ్ళలోను ధర కట్టి చూడవలెను. కాని ఆ చీటి ఎవరిది కావలెను? అచ్చటనే చిక్కు వచ్చును.

నెల్లూరు సీమ కుటుంబము ప్రధానముగా పచ్చిబియ్యపు అన్నము తినును. ఇడ్డెనలకు మాత్రము కొద్దిగా ఉప్పుడు బియ్యము వాడునేమో. తమిళనాట అనేక కుటుంబములలో ఉప్పుడు బియ్యపు వాడుక హెచ్చు. ఉదాహరణకు ఈ ధరలు ఊహింతము: ఇటువైపు పచ్చిబియ్యము కిలో 50 రూపాయలు, ఉప్పుడు బియ్యము 56, అటువైపు పచ్చిబియ్యము 58, ఉప్పుడు బియ్యము 48. ఇటువైపు కుటుంబము నెలకు 24 కిలోల పచ్చిబియ్యము, 4 కిలోల ఉప్పుడు బియ్యము కొనినచో అగు ఖర్చు 1,424 రూపాయలు. అదే చీటితో అవతలికి పోయినచో 1,584 రూపాయలు కావలెను. ఆ కుటుంబము "అక్కడ ప్రియము" అనును. అటువైపు కుటుంబము 8 కిలోల పచ్చిబియ్యము, 20 కిలోల ఉప్పుడు బియ్యము కొనినచో తన ఊర అగు ఖర్చును సరిగా 1,424 రూపాయలే. ఆ చీటితో ఇటు వచ్చినచో 1,520 రూపాయలు కావలెను. ఆ కుటుంబమును "అక్కడ ప్రియము" అనును. రెండు మాటలును నిజమే. ఏ ఊరివారైనను అక్కడ చౌకగా దొరకు దానికి అలవాటుపడుదురు. కనుక పరాయి ఊరు ఎల్లప్పుడును కొంత ప్రియముగానే తోచును. క్రొత్తచోట కొన్నాళ్ళు నివసించి, వంటలో మార్పు చేసికొనినచో ఆ భారము కొంత తగ్గును.

ఈ చిక్కు శాస్త్రజ్ఞులకు క్రొత్తది కాదు. 1871 లో లాస్పేర్ ఒక విధముగను, 1874 లో పాషే మరియొక విధముగను చీటీలను ఎన్నుకొనిరి. 1922 లో అమెరికా ఆర్థిక శాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ ఫిషర్ ఆ రెండు ఫలితములను ఒకదానితో ఒకటి హెచ్చవేసి, దాని వర్గమూలమును తీసికొనుట మేలని వాదించెను. ఇరుపక్షముల సాక్ష్యమును విని నడుమ తీర్పు చెప్పుట వంటిది ఆ పద్ధతి.

మన దేశమున రాష్ట్రముల నడుమ ఇట్టి పోలిక ఒక గంభీరమైన అవసరముకొరకు జరిగినది. దారిద్ర్య రేఖను నిర్ణయించుటకు సురేశ్ తెందూల్కర్ అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల సంఘము 2009 లో తన నివేదికను సమర్పించెను. ఇంటింటి విచారణలో జనులు తాము కొనిన పరిమాణమును, చెల్లించిన మొత్తమును చెప్పుదురు. ఆ రెంటినుండి ధరలను గ్రహించి, ఒక్కొక్క రాష్ట్రపు గ్రామములకు, పట్టణములకు వేర్వేరుగా రేఖలను గీచిరి. ఆ పద్ధతిపై 2011-12 సంవత్సరమునకు ప్రణాళికా సంఘము ప్రకటించిన అంకెలలో మన ప్రశ్నకు ఒక వింత సమాధానము దొరకుచున్నది. తలకు నెలకు గ్రామములలో తమిళనాడునకు 880 రూపాయలు, అప్పటి అవిభక్త ఆంధ్రప్రదేశ్‌నకు 860 రూపాయలు. పట్టణములలో తమిళనాడునకు 937 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌నకు 1,009 రూపాయలు. అనగా ఆ లెక్కనుబట్టి గ్రామములలో తమిళనాడు ప్రియము. పట్టణములలో ఆంధ్రప్రదేశ్ ప్రియము!

అయిదుగురు గల కుటుంబమునకు ఈ భేదము గ్రామములలో నెలకు 100 రూపాయలు ఒకవైపునకు, పట్టణములలో 360 రూపాయలు రెండవవైపునకు మొగ్గుచున్నది. ఆ రేఖలు మిక్కిలి దిగువగా ఉన్నవని ఆనాడు దేశమంతట విమర్శ చెలరేగెను. ఆ విమర్శ ఎట్లున్నను, పోలిక దృష్ట్యా గమనింపదగినది ఇది: ఏ రాష్ట్రము ప్రియమని ఒకే మాటలో అడుగు ప్రశ్నకు, జాగ్రత్తగా చేసిన లెక్క ఒకే మాటలో సమాధానమియ్యలేదు. ఆ రేఖ కొద్దిగా పైకో క్రిందికో జరిగినచో అంచున నున్న వేల కుటుంబములు బీదల లెక్కలో చేరును, లేదా తొలగిపోవును. పోలికలో పొరపాటు జరిగినచో దాని ఫలమును అనుభవించువారు వారే.

ఇంత దగ్గరగా నున్న రెండు రాష్ట్రములలో ధరలు వేరగుటకు కారణములేమి? దూరము, రవాణా అనునవి అందరికిని తెలిసినవే. పన్నుల చరిత్ర అంతగా తెలియనిది. 1953 అక్టోబరు 1 వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు సూళ్ళూరుపేటయు, గుమ్మిడిపూండియు ఒకే మదరాసు రాష్ట్రములో ఉండెను. ఇరువురకును 1939 నాటి మదరాసు అమ్మకపు పన్ను చట్టమే వర్తించుచుండెను. పిమ్మట ఆంధ్రప్రదేశ్ 1957 లోను, మదరాసు 1959 లోను వేర్వేరు చట్టములు చేసికొనెను. 1960 ఏప్రిల్ 1 న సరిహద్దు సవరింపబడి తిరుత్తణి అటు పోయినది, సత్యవేడు ప్రాంతపు గ్రామములు ఇటు వచ్చినవి. ఆ ఊళ్ళవారు కదలకయే వారి పన్నులు మారినవి. విలువ ఆధారిత పన్ను ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఏప్రిల్‌లోను, తమిళనాడులో 2007 జనవరిలోను అమలునకు వచ్చెను. 2017 జూలై 1 న వస్తు సేవల పన్ను వచ్చిన పిమ్మట సబ్బునకు, చెప్పులకు, గడియారమునకు రెండు చోట్లను పన్ను రేటు ఒకటే అయినది.

కాని పెట్రోలు, డీజిలు, మద్యము, విద్యుచ్ఛక్తి ఆ పన్ను పరిధికి వెలుపలనే మిగిలినవి. పెట్రోలుపై ఆంధ్రప్రదేశ్ 2020 నుండి నూటికి 31 వంతుల పన్నును, దానిపైన లీటరుకు 4 రూపాయలను, రహదారి సుంకముగా మరి 1 రూపాయిని విధించెను. తమిళనాడు 2021 ఆగస్టులో లీటరుకు 3 రూపాయలు తగ్గించెను. అందువలన 2022 మొదలు 2025 వరకు లీటరు పెట్రోలు చెన్నైలో కంటె ఆంధ్ర పట్టణములలో ఏడెనిమిది రూపాయలు హెచ్చుగా ఉండెను. రైలులో మనము వినిన రెండవవాని మాటకు ఆధారమిదియే.

మొదటివాని మాటకు ఆధారము అద్దె. బియ్యమును లారీపై సరిహద్దు దాటింపవచ్చును. బాపట్ల పరిశోధనా క్షేత్రమున రూపొందిన సాంబ మసూరి బియ్యము తమిళనాటికి పోయి "ఆంధ్ర పొన్ని" అను పేర అమ్ముడుపోవుచున్నది. ఇట్లు సరకు ప్రయాణము చేయగలిగినచోట ధరలు ఒకదానికొకటి చేరువగుచుండును. ఇల్లు మాత్రము ప్రయాణము చేయలేదు. క్షౌరశాలలో కూలి, బడి జీతము, వైద్యుని ఫీజు ఇట్టివియు ఆ ఊరివే. కనుక రెండు ఊళ్ళ నడుమ పెద్ద భేదము ఉప్పు పప్పులలో కంటె ఇంటి అద్దెలోను, సేవల ఖరీదులోను కనబడును. అద్దెకు నీటిఖర్చు కూడ తోడగుచుండును. 1983 నాటి ఒప్పందముపై తెలుగుగంగ ద్వారా కృష్ణాజలము 1996 లో చెన్నపట్టణము దిక్కునకు చేరెను. అయినను 2019 వేసవిలో ఆ నగరపు చెరువులు ఎండిపోగా, రైళ్ళలో నీరు తేవలసివచ్చెను. అట్టి సమయములలో నీటి లారీకి చెల్లించునది అద్దె చీటిలో వ్రాసియుండదు.

ఈ సంగతిని ప్రభుత్వము తన ఉద్యోగుల విషయమున ఎప్పుడో గుర్తించినది. కేంద్రోద్యోగి కరవు భత్యము దేశమంతటికిని ఒకటే. అది అఖిలభారత కార్మిక ధరల సూచీసంఖ్యను అనుసరించును. ఇంటి అద్దె భత్యము మాత్రము ఊరినిబట్టి మారును. ఏడవ వేతన సంఘపు ఏర్పాటునుబట్టి 2024 జనవరి నుండి మొదటి తరగతి నగరములలో మూలవేతనముపై నూటికి 30, రెండవ తరగతిలో 20, తక్కిన ఊళ్ళలో 10 వంతులుగా నిర్ణయించిరి. చెన్నై మొదటి తరగతిలోనిది, నెల్లూరు రెండవ తరగతిలోనిది. మూలవేతనము 30,000 రూపాయలైనచో ఆ లెక్కపై చెన్నైలో 9,000, నెల్లూరులో 6,000, చిన్న పట్టణమున 3,000 రూపాయలు వచ్చును. గమనింపుడు: ఇచట భేదము రాష్ట్రమునుబట్టి కాదు, ఊరినిబట్టి. తమిళనాడులోని చిన్న ఊరును ఆంధ్రప్రదేశ్‌లోని చిన్న ఊరును ఒకే తరగతికి చెందును.

రాష్ట్రమునుబట్టియే మారునవి ప్రభుత్వపు ఉచిత సదుపాయములు. ఆంధ్రప్రదేశ్‌లో 1983 నుండి కిలో 2 రూపాయల బియ్యము ప్రసిద్ధి చెందెను. తమిళనాడు 2011 జూన్ నుండి చౌకధరల దుకాణములలో బియ్యమును ఉచితముగా ఇచ్చుట ఆరంభించెను. 2016 లో ప్రతి యింటికి రెండు నెలలకు 100 యూనిట్ల విద్యుత్తును ఉచితము చేసెను. 2021 మే నెలలో సాధారణ నగర బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు తీసివేసెను. ఆంధ్రప్రదేశ్ 2025 ఆగస్టు 15 న స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణమును ప్రారంభించెను. ఇట్టి సదుపాయములు బీద కుటుంబమున కూలి పెరిగినంత ఉపకారము చేయును. కాని వానిలో కొన్ని ఆయా రాష్ట్రపు కార్డునకు కట్టుబడి యుండును. ఒకే దేశము, ఒకే రేషను కార్డు పథకములో తమిళనాడు 2020 అక్టోబరులో చేరిన పిమ్మట, జాతీయ ఆహార భద్రతా చట్టపు ధాన్యమును సరిహద్దు దాటినవారును పొందు వీలు కలిగినది. రాష్ట్రము తన స్వంత ఖర్చుతో అదనముగా ఇచ్చునవి మాత్రము వెంట రావు. తరలిపోవు కుటుంబము ఈ నష్టమును ముందుగా లెక్కించుకొనుట అరుదు.

ఇప్పుడు తిరిగి మన రైలునకు వత్తము. సూళ్ళూరుపేటలో నెలకు 15,000 రూపాయలు సంపాదించు ఒక పనివానికి చెన్నైలో 20,000 ఇత్తుమని వర్తమానము వచ్చినదనుకొందము. ఈ అంకెలు ఊహించినవే. లెక్క చేయు తీరు ముఖ్యము. ఇక్కడ అద్దె 4,000, అక్కడ 8,000. పెరిగిన అయిదువేలలో నాలుగువేలు అప్పుడే పోయినవి. త్రాగునీటి డబ్బాలకు, తదితర చిల్లరకు మరి 600. మిగిలినవి 400. ఇల్లాలు ఈ ఊర కుట్టుపనిమీద నెలకు 1,500 సంపాదించుచున్నచో, క్రొత్తచోట పరిచయములు ఏర్పడువరకు అది రాదు. కుటుంబము నెలకు 1,100 రూపాయలు వెనుకబడినది. జీతము మూడవవంతు పెరిగినను ఫలితమిది!

అతడు ఇల్లు మార్చక రైలులో పోయివచ్చినచో? నెలసరి టిక్కెట్టుకు, మధ్యాహ్న భోజనమునకు 1,500 తీసివేసినను 3,500 మిగులును. ధనము లెక్కలో ఇది మేలు. కాని పోకరాకలకు రోజునకు నాలుగు గంటలకు పైగా పట్టును. నెలకు 26 పనిదినములైనచో వంద గంటలు దాటును. పిల్లలు మేల్కొనక మునుపే తండ్రి బయలుదేరును. వారు నిద్రించిన పిమ్మట తిరిగి వచ్చును. ఆ వంద గంటలకు ఏ సూచీసంఖ్యలోను స్థానము లేదు. వాని వెల కట్టవలసినవాడు ఆ తండ్రియే.

కనుక ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు తరలుటకు సంకల్పించువారికి మనవి చేయదగినది స్వల్పమే. పత్రికలలోని సూచీసంఖ్యల పట్టికను చూచి నిర్ణయించుకొనవలదు. మీ యింటి గత మాసపు వెచ్చాల చీటిని వ్రాసికొనుడు. అద్దె, నీరు, బడి, మందులు, ప్రయాణము అను అయిదు పద్దులను దానికి వేరుగా చేర్చుడు. ఇచట ఉచితముగా లభించుచు అచట లభింపనివాని విలువను, అటులే అచట క్రొత్తగా లభించువాని విలువను ప్రక్కన కట్టుడు. ఇంటిలో సంపాదించువారు ఒక్కరికంటె హెచ్చుగా ఉన్నచో అందరి పనిని గూర్చియు ఆలోచింపుడు. పిమ్మట ఆ చీటిని మునుపే అటు వెళ్ళి స్థిరపడిన బంధువునకో మిత్రునికో చూపి, వారి క్రిందటి నెల ఖర్చును అడిగి సరిచూచుకొనుడు. వారు చెప్పు అద్దెను ఒకటికి రెండు మారులు అడుగుడు. తక్కినవానిలో పొరపాటు జరిగినను దిద్దుకొనవచ్చును. అద్దెలో జరిగిన పొరపాటు ప్రతినెల ఒకటవ తేదీన గుర్తునకు వచ్చుచుండును.